అనాథ శిశురక్షణ చరిత్ర – 6: ప్రాకారము లేని గృహము

గత భాగమున మనము హాల్లె నగరమందు ఔగుస్ట్ హెర్మన్ ఫ్రాంకె 1698లో పునాదివేసిన అనాథశాలను గూర్చి చెప్పుకొంటిమి. ఆ శాలతో ఆంధ్రులకొక దూరపు చుట్టరికము కలదు: మద్రాసున తెలుగు నేర్చి, 1732 నాటికి బైబిలును తెలుగున పరివర్తించిన బెంజమిన్ షుల్ట్జె, స్వదేశమునకు మరలిన పిమ్మట ఆ హాల్లెలోనే తెలుగు అక్షరములతో చిన్న పుస్తకములను అచ్చువేయించి, అనాథశాల నిర్వహణమునందు పాల్గొనెను. ఆ మహాభవనమును జూచి జర్మను దేశమున అనేక నగరములవారు అట్టివే నిర్మించిరి గాని, పులిని జూచి నక్క వాతపెట్టుకొన్నట్లు, వారికి ఫ్రాంకె భవనపు కొలతలబ్బినవే గాని ఆయన శ్రద్ధ యబ్బలేదు. వందలకొలది పిల్లలను ఒక్క కప్పుక్రింద జేర్చి, గంట కొట్టినపుడు లేపి, గంట కొట్టినపుడు పరుండబెట్టి, ఒక్క పాత్రలో వండి వడ్డించిన చోట అంటువ్యాధులు ప్రబలి, శిశుమరణములు మితిమీరెను. పదునెనిమిదవ శతాబ్ది కడపటి దశలో అనాథశాలలు ఉండవలెనా కూడదా యను వాదము పండితులనడుమ రేగి, కొన్ని శాలలు మూతబడి, పిల్లలు పల్లెలలోని కాపు కుటుంబములకు అప్పగింపబడిరి. శాలలో శిశువు బ్రతుకడు. పరాయి యింట వాడు కూలివాడగును. ఈ రెండింటికిని నడుమ మార్గ మొకటి కలదని, 1833లో హాంబర్గు నగరపు శివారున, ఇరువదియైదేండ్ల యువకు డొకడు ఒక పూరియింటిలో నిరూపింప బూనుకొనెను. ఆ యువకుని పేరు యోహాన్ హిన్రిఖ్ విఖెర్న్.

హాంబర్గు స్వతంత్ర నగరము. రాజులేని వర్తక రాజ్యము. ఎల్బానది యొడ్డున ఓడలనుండి దిగిన సరకుతో ధనికులైన శ్రేష్ఠులు అచట పాలకులు. 1788లో ఆ నగరమువారు నెలకొల్పిన దరిద్రపోషణ సంస్థ యూరపంతటను ప్రఖ్యాతి వడసి, పరదేశములనుండి పెద్దమనుష్యులు వచ్చి దాని లెక్కలు చూచి పోవుచుండిరి. కాని నెపోలియను సైన్యము నగరము నాక్రమించి వర్తకమును స్తంభింపజేసిన యేండ్లలో ఆ యేర్పాటంతయు చితికిపోయెను. శాంతి వచ్చి ఓడలు మరల వచ్చినవి. వానితోపాటు పని వెదకికొనుచు పల్లెల జనమును వచ్చెను. ఇండ్లు మాత్రము పెరుగలేదు. ఇరుకు సందులలో, ఎండ సోకని గదులలో, నది పోటెత్తినపుడు నీరు చొచ్చు నేలమాళిగలలో బీదలు కాపురముండిరి.

విఖెర్న్ 1808 ఏప్రిల్ 21వ తేదీన ఆ నగరముననే జన్మించెను. ఏడుగురు సంతానములో జ్యేష్ఠుడు. తండ్రి 1823లో మరణింపగా, పదునైదేండ్ల బాలుడు చదువు సాగించుకొనుచునే పరులయిండ్లలో పిల్లలకు పాఠములును సంగీతమును నేర్పి, తల్లికిని తోబుట్టువులకును ఆసరా యయ్యెను. ధనికులైన భక్తులు కొందరు సాయముచేయగా గెట్టింగెన్, బెర్లిన్ విశ్వవిద్యాలయములలో వేదాంతశాస్త్రము నభ్యసించి, 1832లో పరీక్ష యిచ్చి, సభాబోధకుని పదవి కొరకు ఎదురుచూచువారి వరుసలో నిలుచుండెను. ఆ వరుస దీర్ఘమైనది. అభ్యర్థుల సంఖ్య మిక్కుటమై ఖాళీలు స్వల్పమైన ఆ కాలమున, ఆయన సెయింట్ గేయోర్గ్ శివారులో రౌటెన్‌బెర్గ్ అను పాదిరి 1825లో స్థాపించిన ఆదివారపు బడిలో బోధకుడుగా జేరెను. చదువను వ్రాయను నేర్వని కూలివారి బిడ్డలకు ఆదివారమున అక్షరములను దైవవాక్యమును నేర్పు బడి యది.

ఆ బడివారికొక నియమము కలదు. పిల్లవాడు బడికి వచ్చుటతో సరిపెట్టక, ఉపాధ్యాయుడు వాని యింటికి బోయి తలిదండ్రులను జూచి రావలెను. ఇది చూపునకు చిన్న నియమమే గాని విఖెర్న్ జీవితమును తిప్పినది ఇదియే. ఆయన మెట్లెక్కి, మాళిగలు దిగి, చూచినదంతయు రాసికొనెను. నగరపు నిజమైన, నిగూఢమైన ప్రజాజీవితమని ఆ వ్రాతలకు పేరిడెను. ఒక్క గదిలో అనేకులు కాపురముండుట, పరుపులు తాకట్టున పోవుట, తల్లి కూలికి బోగా పిల్లలు బిచ్చమునకు బోవుట, బిచ్చమునుండి దొంగతనమునకు జారుట, అచటినుండి చెరసాల, చెరసాలలో ముదురు దొంగల సహవాసము: ఈ సోపానపంక్తిని ఆయన పుస్తకములలో చదువలేదు, ఇంటింట జూచెను. ఆదివారమున రెండుగంటలు చెప్పిన పాఠము తక్కిన ఆరు దినములు ఆ గదిలో కరగిపోవుచున్నదని గ్రహించిన పిమ్మట, బిడ్డకు పాఠముగాదు, ఇల్లే కావలెనని ఆయన నిశ్చయించెను.

నిశ్చయమునకు ధనమెట్లు దొరికె ననునది సుదీర్ఘ కథ, సంగ్రహముగా చెప్పుదును. హుడ్ట్‌వాల్కర్ అను నగర సభాసదుడును, నగరపు న్యాయప్రతినిధి యైన కార్ల్ జీవెకింగును ఈ యత్నమునకు కొమ్ముకాసిరి. అప్పుడే, 1831 నాటి కలరా యుపద్రవములో రోగుల సేవచేసి పేరువడసిన అమాలియె జీవెకింగ్ స్త్రీసంఘమొకటి స్థాపించి యుండెను. కాబట్టి దానధర్మముల విషయమున నగరపు పెద్దల మనసు కొంత మెత్తబడియున్నది. 1833 సెప్టెంబరు 12వ తేదీన జరిగిన బహిరంగసభలో యువకుడైన విఖెర్న్ తన యుద్దేశమును వివరింపగా, సభ దాని నామోదించెను. నగరమునకు తూర్పుగా హోర్న్ గ్రామమున కార్ల్ జీవెకింగ్ తన నేలలోని పాతయింటిని, దాని చుట్టునున్న తోటను ఇచ్చెను. రౌహెస్ హౌస్ అని జనులు పిలుచు ఆ యిల్లు కసవుకప్పుతో, చిన్న గదులతో, ముంగిట నొక పెద్ద చెస్ట్‌నట్ వృక్షముతో నుండెను. ప్రభుత్వపు ధనమును కోరలేదు. దాతల విరాళమే ఆధారము.

అక్టోబరు 31వ తేదీన విఖెర్న్ తన తల్లితో, చెల్లెలితో ఆ యింటికి కాపురము వచ్చెను. గమనింపుడు: ఉద్యోగస్థుడు కార్యాలయమునకు వచ్చినట్లుగాక, గృహస్థుడు క్రొత్తయింటికి వచ్చినట్లు వచ్చెను. నవంబరు 8వ తేదీన మొదటి ముగ్గురు బాలురు వచ్చిరి, సంవత్సరాంతమునకు పన్నెండుగురైరి. చిన్నవాని వయసు ఐదేండ్లు, పెద్దవానిది పదునెనిమిది. వారిలో పలువురు తండ్రి యెవరో తెలియనివారు. పోలీసు లెక్కలలో 92 దొంగతనములు గల పన్నెండేండ్ల బాలుడొకడును వారిలో నుండెనని చెప్పుదురు. ఇట్టివారిని ఏలుటకు ఆనాటి ఖైదీశాలలకు తెలిసిన పద్ధతి గోడ, గడియ, బెత్తము. విఖెర్న్ మొదట చేయించిన పనియేమన, తోటచుట్టు నున్న మట్టిగట్టును ఆ పిల్లలచేతనే త్రవ్వించి చదునుచేయించుట! పారిపోవదలచినవానికి అడ్డమేమియు లేదని వారి పారతోనే వారికి తెలియజెప్పుట.

క్రొత్తవాడు వచ్చినపుడు ఆయన వానిని ఏకాంతమున గూర్చుండబెట్టి చెప్పెడి మాటలు తరువాతి కాలమున దేశదేశముల ప్రసిద్ధములైనవి. వాని గతమంతయు ఆయన యెరుగునని, అదియంతయు క్షమింపబడినదని, ఇకమీద ఆ సంగతి యింటిలో నెవ్వరు నెత్తరని, ఇట గోడలేదు, కందకము లేదు, గడియ లేదని, కట్టియుంచుట కొక్క ప్రేమయే గొలుసని, ఓర్పే దాని కొలతయని వాటి సారము. పిల్లలు తమలో తాముగూడ తమ పాతకథలు చెప్పుకొనరాదని కట్టడి. ఈ కట్టడి మనకిపుడు వింతగా తోచును. ఎదలోని బాధను చెప్పుకొననిచ్చుటయే చికిత్సయని నేటివారి మతము. కాని చెరసాల వలన పేరుపొందిన బాలునికి, తాను దొంగయని ఎవ్వరును తలచని చోటు భూమిమీద నొకటి దొరకుట సామాన్యము గాదు. ఆ పేరు పోయిన పిదపనే తక్కిన దంతయు మొదలు కావలెను.

పిల్లలు పన్నెండుగురు దాటిన వెంటనే ఇల్లు ఇరుకయ్యెను. సాధారణ దాతయైనచో పెద్ద భవనమొకటి కట్టించి యుండును. విఖెర్న్ అట్లు చేయక, 1834లో ప్రక్కనే మరియొక చిన్న యిల్లు కట్టించెను. కట్టుటలో పిల్లలును పని చేసిరి. స్విస్ గృహమని దానికి పేరు. అటుపిమ్మట పిల్లలు పెరిగినకొలది ఇండ్లే పెరిగినవిగాని ఏ యిల్లును పెద్దది కాలేదు. ఒక్కొక్క యింట పన్నెండుగురు బాలురు, వారితో తినుచు, వారితో పనిచేయుచు, వారి గదిలోనే పరుండు ఒక యువకుడు, అతనిని సోదరుడనిరి. 1835లో బాలికలకును ఇల్లేర్పడెను. ఆ యేటనే విఖెర్న్, ఆదివారపు బడిలో తనతో పనిచేసిన అమాండ బోమె అను కన్యను వివాహమాడి, గృహమున కొక గృహిణిని దెచ్చెను. చెదరిన యిండ్లు, తోట, ప్రార్థనామందిరము, కర్మశాలలు: కొలదికాలమునకు అది శాలవలెగాక చిన్న పల్లెవలె గానవచ్చెను.

సంఖ్య పన్నెండేల? అపోస్తలుల సంఖ్య యని భక్తులు మురియుదురు గాని, నిత్యజీవితమున దానికి వేరొక యుపపత్తి కలదు. పన్నెండుగురుండిన చోట పెద్ద యొకడు ప్రతివాని ముఖమును ప్రతిదినము చూడగలడు. ఎవడు అన్నము మానినాడు, ఎవడు రాత్రి ఏడ్చినాడు, ఎవడు మౌనియైనాడు అని యెరుగగలడు. సోదరులు వారమువారము కూడి ప్రతి బాలుని గూర్చి విఖెర్న్‌తో విమర్శించి, వ్రాసికొనెడివారు. కనికరమునకు కొదువలేని యూరపున విఖెర్న్ చేర్చిన నూతనత్వ మిదియే యని నా యభిప్రాయము: కనికరమునకు కొలతపెట్టి, దానిని గృహపాలనగా మార్చుట. ఈ కొలత నెరుగక అనుకరించిన వారికేమైనదో తెలియుటకు ఒక్క యుదాహరణము చాలును. ఫ్రాన్సు దేశపు న్యాయాధిపతి దెమెత్స్ హోర్న్ గ్రామమునకు వచ్చి చూచి, తన దేశమునకు మరలి, తూర్ నగర సమీపమున మెత్రే అను వ్యవసాయ క్షేత్రమును స్థాపించెను. కుటుంబము లనెడి పేరు తీసికొనెను గాని, ఒక్కొక్క కుటుంబమున నలుబదిమందిని జేర్చెను; సైనికుల పద్ధతి, బాకా, కవాతు ప్రవేశపెట్టెను. కొన్ని దశాబ్దములలో ఆ మెత్రే ఫ్రాన్సున బాలఖైదీల కఠినవాసములకు పర్యాయమయ్యెను.

సోదరులెవరు? వేతనము లేక, అన్నవస్త్రములు మాత్రము గైకొని ఈ పని చేయువారిని విఖెర్న్ విశ్వవిద్యాలయములలో గాక కర్మకారులలో వెదకెను. మొదట వచ్చినవాడు రొట్టెలు కాల్చు పనివాడు. తరువాత కుట్టుపనివారు, చెప్పులు కుట్టువారు, వడ్రంగులు వచ్చిరి. పగలు పిల్లలకు తమ పని నేర్పుచు, తీరిక వేళల బైబిలు, చరిత్ర, బోధనపద్ధతి, గానము అభ్యసించి, కొన్నేండ్లకు ఇతర పట్టణములలో అనాథగృహములకును ఆశ్రమములకును అధికారులుగా వెడలుచుండిరి. పాదిరికాదు, పంతులు కాదు, పోలీసు కాదు. పిల్లల సంరక్షణయే వృత్తిగా శిక్షణ పొందిన మనుష్యుడు. నేడు సాంఘిక సేవాకార్యకర్తయని మనము వ్యవహరించు వృత్తికి జర్మను దేశమున ఇట్లు బీజము పడెను.

ఉదయము ప్రార్థన, పిమ్మట పని, పాఠము, మరల పని. కుట్టుపని, చెప్పులపని, వడ్రంగము, తోటపని; కొంతకాలమునకు అచ్చుకూటము, పుస్తకముల జిల్దుకట్టుట. బాలుడు పెరిగిన పిదప నగరములో నొక పనివానియొద్ద శిష్యరికమునకు కుదిర్చి, వెళ్లిన తరువాతను వాని యోగక్షేమములు విచారించుచుండిరి. అన్నిటికన్న నాకు మెచ్చుకోదగినదిగా తోచునది తలిదండ్రుల విషయము. బిడ్డను చేర్చుటకు వారి సమ్మతి గైకొని, చేర్చిన పిమ్మటను వారితో తెగదెంపులు చేసికొనక, నియమిత దినములందు వారు వచ్చి బిడ్డను చూచిపోవుట కేర్పాటుచేసిరి. తాగుబోతు తండ్రియైనను తండ్రియే; బాలుడు చేరవలసిన తీరము కడకు ఆ లోకమే. బిడ్డను తలిదండ్రులనుండి శాశ్వతముగ వేరుచేసి సముద్రముల కావలికి పంపుట పుణ్యమని నమ్మిన ఇంగ్లండు సంస్థలను మనము ముందు భాగములలో చూడనున్నాము గనుక పాఠకు లీ విషయమును జ్ఞప్తియందుంచుకొనవలెను.

1839 డిసెంబరున జరిగిన యొక చిన్నపని ఈ గృహమును ప్రపంచమంతట పరిచయము చేసినది. క్రీస్తు జన్మదిన మింకెన్ని నాళ్లకని పిల్లలు దినదినము వేధింపగా, విఖెర్న్ ఒక కొయ్యచక్రమును ప్రార్థనాశాలలో వ్రేలాడదీయించి, దానిపై క్రొవ్వొత్తులు నిలిపించెను: ఆదివారములకు నాలుగు తెల్లని పెద్దవి, తక్కిన దినములకు ఎర్రని చిన్నవి. ఆ యేట డిసెంబరు 1వ తేదీ ఆదివారము; ఆనాడు తొలి పెద్ద ఒత్తి వెలిగెను; దినమున కొక్కటి చొప్పున వెలిగించుచు పోగా పండుగ ముందు రాత్రికి 24 ఒత్తులును వెలిగెను. గణితము రాని పిల్లవాడు సయితము ఇంకెన్ని నాళ్లో కన్నులతో లెక్కించుకొనవచ్చును. ఆగమనకాలపు పచ్చని చక్రమునకు నాలుగు ఒత్తులు పెట్టి నేడు ఆంధ్రదేశపు దేవాలయములలో సయితము వెలిగించు ఆచారమునకు మూలమిది.

1842 మే నెలలో హాంబర్గు నగరమున నాలుగు దినములు అగ్ని చెలరేగి ఇరువదివేలమంది నిరాశ్రయులైరి. బీదల గృహములను గూర్చి విఖెర్న్ చెప్పుచువచ్చినది అందరికిని ఒక్కసారిగా కన్నులబడెను. 1844లో ఆయన తన పత్రికను ఆరంభించి, తన గృహపు వార్తలతోపాటు దేశమంతట ఇట్టి కార్యముల వృత్తాంతములను అచ్చువేసెను. అమెరికానుండి విద్యాసంస్కర్త హోరేస్ మాన్ 1843లో వచ్చి చూచి, పోయి తన నివేదికలో ప్రశంసించెను. పిమ్మట భారతదేశమునకు వచ్చి ఇచటి చెరసాలలను బాలుర దుర్గతిని పరిశీలించిన మేరీ కార్పెంటరు గూడ, బాలనేరస్థులను గూర్చి తాను రచించిన గ్రంథమున ఈ గృహమును ప్రస్తావించెను.

ఇంతవరకు విఖెర్న్ కీర్తి నిష్కళంకము. 1848తో చిక్కు మొదలగును. ఆ చలికాలమున ప్రష్యా రాజ్యపు ఎగువ సైలీషియా మండలములో కరవును, దానివెంట టైఫసు జ్వరమును వ్యాపించి, వేలకొలది జనులు మరణించి, పిల్లలు దిక్కులేనివారైరి. విఖెర్న్ తన సోదరులను గొని అచటికేగి, అనాథలను జేర్చి పోషించు నేర్పాటు చేసెను. ఆ సోదరులలో కొందరు తమకు జ్వరము తగిలినను వెనుదీయలేదు. అదే కాలమున ప్రభుత్వపు ఆజ్ఞపై అచటికి వచ్చిన వేరొక యువకుడు, రుడోల్ఫ్ విర్ఖౌ అను వైద్యుడు, అవే గుడిసెలను, అవే శవములను చూచి నివేదిక వ్రాసెను. ఈ వ్యాధికి మందు వైద్యుని సంచిలో లేదని, విద్యయు, స్వాతంత్ర్యమును, ప్రజాపాలనయు, న్యాయమైన పన్నులును, మంచి బాటలును కావలెనని ఆయన తీర్పు. విఖెర్న్ తీర్పు వేరు: జనులు దేవుని విడిచిరి, క్రైస్తవసభ జనులను విడిచెను, రెండింటిని మరల కూర్పవలెను. ఇరువురును తమ కన్నులతో చూచినవారే, ఇరువురును ప్రాణభయము లేనివారే. ఐనను చరిత్ర వ్రాయువాడు ఒక మాట చెప్పకతప్పదు: విఖెర్న్ ఇంటింటికి దిరిగి వ్రాసికొన్నదానిలో కూలిరేటు, ఇంటి అద్దె సాక్షులుగా నిలిచియుండగా, ఆయన వారి సాక్ష్యమును పూర్తిగా విచారింపలేదు. బిడ్డను జూచిన కన్ను ఆ బిడ్డ తండ్రి జీతమును చూడలేదు.

ఆ సంవత్సరపు సెప్టెంబరు 22వ తేదీన, లూథరు సమాధి గల విట్టెన్‌బెర్గ్ దేవాలయమున జరిగిన ప్రొటెస్టంటు సభలవారి మహాసమావేశములో విఖెర్న్ ముందుగ సిద్ధపరచుకొనక దీర్ఘోపన్యాసము చేసెను. విశ్వాసమెంత తనదో ప్రేమకార్యమును అంత తనదని క్రైస్తవసభ అంగీకరింపవలెనని ఆయన వాదము. శ్రోతలు చలించిరి, మరుసటి యేటి యారంభమున అంతర్మిషను కేంద్రసంఘమేర్పడి, చెల్లాచెదురుగా నున్న దయాకార్యములు ఒక్క త్రాటిమీదికి వచ్చినవి. నేటి జర్మను దేశమున ఆసుపత్రులు, వృద్ధాశ్రమములు, శిశుగృహములు, కుటుంబసహాయ కేంద్రములు వేలకొలది నిర్వహించు డియాకొనీ సంస్థకు మూల మిచటనే. అయితే ఆనాడు విప్లవపు భయముతో వణకుచున్న ప్రభువులకు ఆ ఉపన్యాసము మరొక విధముగా వినబడెను: ఇదిగో, బీదలను శాంతింపజేయు మందు! విఖెర్న్ దీనిని ఖండింపలేదు. విప్లవము పాపమని తానును నమ్మెను. కర్మాగారపు పనివారు ఇది గ్రహించిరి, అంతర్మిషనుకు దూరమైరి.

1857లో ప్రష్యా ప్రభుత్వము ఆయనను బెర్లినునకు పిలిచి చెరసాలల సంస్కరణము నప్పగించెను. మోయబిట్ చెరసాలలో ఖైదీలను ఒక్కొక్కని ఒక్కొక్క కొట్టున ఏకాంతమున నుంచు పద్ధతిని ఆయన సమర్థించి, కావలివారుగా హోర్న్ గ్రామపు సోదరులను నియమించెను. దొంగల సాంగత్యముచే బాలుడు చెడునను పాత యనుభవమే ఇందులకు కారణము. ఆయన యాంతర్యము శుద్ధమే. కాని తోటగట్టును చదునుచేయించిన చేతులే గోడలలో గోడలు కట్టుట చూచి విమర్శకు లూరకుండలేదు. ఫ్రాంట్జ్ ఫాన్ హోల్ట్‌జెన్‌డోర్ఫ్ అను న్యాయశాస్త్రజ్ఞుడు 1861లో ఒక పుస్తకము ప్రకటించి, రాజ్యపు చెరసాలలను ఒక మతసంఘపు సోదరులకు గుత్తకిచ్చుట యెట్లు ధర్మమని ప్రశ్నించెను. ప్రష్యా శాసనసభలో వాదోపవాదములు సాగెను. ప్రశ్న న్యాయమైనది, దానధర్మము తన చందాలతో తాను నడచునంతకాలము దాతలకు మాత్రమే జవాబు చెప్పుకొనిన చాలును, రాజ్యాధికారమును చేపట్టిన నాడు ప్రజలందరకు జవాబు చెప్పుకొనవలెను. చర్చి సంస్థలు ప్రభుత్వపు ధనముతో కుటుంబసేవ చేయు ప్రతి దేశమునను ఈ వాదము నేటికిని నడచుచున్నది.

అనారోగ్యముచే విఖెర్న్ హోర్న్ గ్రామమునకు మరలెను. 1873లో కుమారుడు యోహాన్నెస్ గృహాధిపత్యము వహించెను. 1881 ఏప్రిల్ 7వ తేదీన విఖెర్న్ దీర్ఘవ్యాధితో కన్నుమూసెను. 1943 జూలైలో హాంబర్గుపై కురిసిన బాంబులలో ఆ పల్లెయొక్క భవనములు చాలవరకు నాశనమయ్యెను. యుద్ధానంతరమున తిరిగి కట్టుకొని, పిల్లలకు కుటుంబములకు తోడ్పాటు, వికలాంగుల సేవ, వృద్ధుల పోషణ, పాఠశాల, సేవాకార్యకర్తల విద్యాలయము అను శాఖలతో అదే చోట సాగుచున్నది. విఖెర్న్ విడిచిపోయిన ప్రశ్న, అనగా బీదకు పని కల్పింపక ప్రార్థన మాత్రము కల్పించుట చాలునా యనునది, వెస్ట్‌ఫేలియాలో బీలెఫెల్డ్ నగరపు ప్రక్కన 1872లో బేతెల్ ఆశ్రమ పాలనమును చేపట్టిన ఫ్రీడ్రిఖ్ ఫాన్ బోడెల్‌ష్వింగ్ అను మరియొక పాదిరికి సంక్రమించెను. వచ్చే భాగమున ఆయన వృత్తాంతము.